హొసకోటెలో సన్మానం

ఆ ఆదివారం సాయంత్రం కాడుగోడి కల్యాణ మంటపంలో ఆవులప్పకు సన్మానం. శాలువా, గంధపు దండ, నెత్తిన పెట్టే జరీ అంచు తలపాగా, అదే మైసూరు పేటా, ముందురోజే కొని పెట్టారు. పొద్దున ఆయన చేయవలసిన పనులు రెండే మిగిలాయి. ఫోను గుంపుకు రోజూ పంపే ఆడియో పంపాలి, తర్వాత గడ్డం గీయించుకోవాలి.

ఆవులప్పది పూజాసామాన్ల అంగడి. కర్పూరం, కుంకుమ, అగరబత్తులు అమ్మి ఇల్లు నడుపుకునే మనిషి. అయితే ఊళ్ళో ఆయన పేరు మోగిపోయింది మాత్రం ఫోనులో పెట్టిన 'మేలుకో' గుంపు వల్లనే. సూదిమందులన్నీ జనాన్ని జీవితాంతం రోగిష్టులుగా ఉంచడానికి పెద్ద కంపెనీలు పన్నిన కుట్ర అని అందులో ఆయన పొద్దున్నే చెబుతాడు. గంభీరమైన గొంతు. హరికథ చెప్పినట్టు తాపీగా చెబుతాడు. వినేవాళ్ళు వందల్లో ఉన్నారు. విన్నదాన్ని ఇంకో పది గుంపుల్లోకి తోసేవాళ్ళూ వాళ్ళే.

ఆయన మొదటినుంచీ ఇలాంటి మనిషి కాదు. కరోనా రోజుల్లో తమ్ముడు మునినారాయణప్ప సూది వేయించుకున్న వారంలోపే పోయాడు. ఆ సూదికి స్కూటరు మీద ఎక్కించుకుని తీసుకెళ్ళింది ఆవులప్పే. గుండె ముందునుంచే చెడి ఉందని డాక్టరు నడుస్తూ నడుస్తూనే చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు. నిలబడి నాలుగు మాటలు చెప్పేవాళ్ళు ఆసుపత్రిలో ఒక్కరూ దొరకలేదు. ఫోనులో దొరికారు. నీ తప్పేమీ లేదు, ఇదంతా వాళ్ళ కుట్ర అన్నారు. తమ్ముణ్ణి తానే చంపుకున్నానని కుమిలిపోతున్న మనిషికి ఆ మాట అన్నంకన్నా ఎక్కువగా కావలసి వచ్చింది.

సరే, ఆ పొద్దున అంగడి తలుపు తీయడానికి నడుస్తూనే ఆవులప్ప ఫోను నోటిదగ్గర పెట్టుకున్నాడు. "చూడండప్పా, వాళ్ళు ఎవర్నీ విడిచిపెట్టరు. మనం ఏమరుపాటుగా ఉండే టైములోనే వచ్చి పడతారు" అంటూ మెట్టెక్కాడు. మెట్టుమీద పడుకున్న తెల్లకుక్క తోకమీద కాలు వేశాడు. కుక్క లేచి పిక్క పట్టుకుంది. "అయ్యో, సచ్చితినప్పా! వదులు! నన్ను వదులు!" అని కేక పెట్టేసరికి చేతిలోంచి ఫోను జారింది. నొక్కి పట్టిన వేలు వదిలితే చాలు, ఆడియో దానంతటదే గుంపుకు వెళ్ళిపోతుంది. వెళ్ళిపోయింది.

అంగడి వెనక కుళాయి కింద సబ్బుతో కాలు కడుక్కుంటుండగానే ఫోను మోగింది. లక్ష్మీనారాయణ. ఫోన్లు బాగుచేసే అంగడి ఆయనది, గుంపుకు సెక్రటరీ, ఆవులప్ప మాటంటే వేదం.

"అన్నా, ఎవరన్నా వాళ్ళు? ఎంతమంది ఉండారు?"

"ఎవరూ లేరప్పా. సుమ్నే, ఊరికే కాలు జారినాది."

"పక్కనే ఉండారా? నోరు తెరిచి చెప్పేదానికి కాకపోతే మూలుగు, చాలు."

నీళ్ళు గాయానికి తగిలి ఆవులప్ప మూలిగాడు. లక్ష్మీనారాయణ ఫోను పెట్టేశాడు.

కుక్క కరిచిందని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ఆ మాట అంటే తర్వాతి ప్రశ్న సూది గురించే. కుక్క సూది కూడా కుట్రేననీ, పసుపు పట్టిస్తే చాలుననీ మొన్న వేసవిలో చెప్పింది ఆయనే. అంగడిలో పసుపుకు కొదవ లేదు. ఒక పొట్లం తీసి చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. చిన్నప్పుడు పక్కింటి మనిషి కుక్క కరిచి, నీళ్ళచెంబు చూసి వణికి, గుక్కెడు నీళ్ళు మింగలేక చనిపోవడం ఆయన కళ్ళారా చూశాడు. ఊరందరికీ చాలిన తన మాట ఆ పూట తనకు మాత్రం చాలలేదు. పసుపు పొట్లం మళ్ళీ అరలో పెట్టేశాడు.

కాడుగోడిలో ఏ ఆసుపత్రికి వెళ్ళినా ఎవరో ఒకరు గుర్తుపడతారు. హొసకోటెలో అయితే తనెవరో ఎవరికీ తెలియదు అనుకున్నాడు. ఇంటికొచ్చి భార్యతో చెప్పాడు. "హొసకోటెలో కర్పూరం ఏజెంటును చూసి వస్తా."

"సాయంత్రం సన్మానం పెట్టుకోని ఇప్పుడు కర్పూరమేంది?" అంది నంజమ్మ.

"అర్జెంటు" అని కుంటుకుంటూ బస్సెక్కాడు.

ఆయన వెళ్ళిన కాసేపటికే లక్ష్మీనారాయణ వచ్చి నంజమ్మను అడిగి విషయం తెలుసుకున్నాడు. ఆదివారం పూట కర్పూరం ఏజెంటు ఎక్కడైనా ఉంటాడా? అన్నను ఎవరో భయపెట్టి రప్పించుకున్నారని ఆయనకు తేలిపోయింది. ఇంతలో గుంపులో ఒక ఫోటో పడింది. హొసకోటె ప్రభుత్వాసుపత్రి ఎదురుగా టీ అంగడి పెట్టుకున్న సభ్యుడు తీసింది. ఆవులప్పను యూనిఫారం వేసుకున్న మనిషి ఒకడు రెక్క పట్టుకుని లోపలికి నడిపిస్తున్నాడు. పాపం, ఆ వాచ్‌మన్ కుంటుతున్న పెద్దమనిషికి మెట్లెక్కడానికి సాయం పట్టాడు. ఫోటో కింద మాత్రం 'అన్నను ఈడ్చుకోని పోతా ఉండారు' అని రాసి ఉంది. పది నిమిషాల్లో రెండు టెంపోలు బయలుదేరాయి. సన్మానం సామాను మంటపంలో వదిలితే ఎవరైనా ఎత్తుకుపోతారని దాన్ని కూడా వెంట వేసుకున్నారు.

ఆసుపత్రి బెంచీ మీద ఆవులప్ప పక్కన ఒక ఆడమనిషి కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పేరు భారతి. పాలమూరు నుంచి వచ్చి బిల్డింగు పనిచేస్తోంది. సైటు దగ్గర కుక్క పిల్ల చెంపను చీల్చింది. ఇంజనీరు బలవంతాన ఆటో ఎక్కించి పంపాడు గానీ, ఆమె చూపంతా గుమ్మం వైపే ఉంది.

నర్సు సౌమ్య వచ్చి ఆవులప్పను ఎక్కడ కరిచిందని అడిగింది. ఆయన గొంతు తగ్గించి "పిక్కమీదమ్మా, తొందరగా కానీ" అన్నాడు. సౌమ్య లోపలికి వెళ్ళింది. ఆ గొంతు వినగానే భారతి చటుక్కున ఇటు తిరిగింది.

"సారూ, ఫోన్ల మాట్లాడేటోళ్ళు మీరేనా? మా మేస్త్రీ రోజు పొద్దుగాల పెడ్తడు. సూది ఏస్తే పిల్లలు ఖరాబైతరు, ఏపియ్యకుండ్రి అని చెప్పిన్రు గద."

ఆవులప్ప కాలు బెంచీ కిందికి లాక్కున్నాడు.

"మరి మీరెందుకు అచ్చిన్రు? మీరు గూడ సూదికేనా?"

నిజం నాలుకదాకా వచ్చింది. సాయంత్రపు పేటా గుర్తొచ్చి వెనక్కి వెళ్ళిపోయింది. "లేదమ్మా. తెలిసినోళ్ళను చూసేదానికి వచ్చినా" అన్నాడు.

"గట్లనా. అయితే నేను పోత. పసుపు పెడ్త" అని భారతి పిల్లను భుజాన వేసుకుని లేచింది. పిల్ల చెంపకు కట్టిన గుడ్డ నెత్తురుతో తడిసి ఉంది. అది వేలు చీకుతూ ఆవులప్పను చూస్తోంది.

సరిగ్గా అప్పుడే గుంపు లోపలికి దూసుకొచ్చింది. "అన్నా!" అంటూ లక్ష్మీనారాయణ పరుగున వచ్చి కౌగిలించుకున్నాడు. వెనకనుంచి ఎవరో శాలువా కప్పారు, ఇంకెవరో నెత్తిన పేటా పెట్టారు. "బలవంతంగా వేసేదానికి తెచ్చినారు కదన్నా? ఊఁ అను చాలు. ఈ ఆసుపత్రిని ఈ పొద్దు ఉతికి ఆరేస్తాము!" సిరంజీ పట్టుకుని వచ్చిన సౌమ్య లోపలి గది గుమ్మంలోనే నిలబడిపోయింది.

తల ఊపితే చాలు. వీరుడిలా ఊరేగుతూ ఇంటికి పోవచ్చు. రాత్రికి ఇంకెక్కడైనా రహస్యంగా సూది వేయించుకోవచ్చు కూడా. ఆవులప్ప తల ఊపబోయాడు. జనాన్ని తోసుకుంటూ బయటికి పోతున్న భారతి భుజం మీదనుంచి ఆ పిల్ల ఇంకా తననే చూస్తోంది. స్కూటరు వెనక కూర్చున్న తమ్ముడు గుర్తొచ్చాడు. ఆనాడు తీసుకెళ్ళానని ఇన్నేళ్ళు ఏడ్చినవాడు, ఈనాడు ఈ పిల్లను వెళ్ళగొడుతున్నాడు. ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"అమ్మా, నిలు!" అని అరిచాడు. ఆ గొంతుకు అందరూ ఆగిపోయారు. "నన్ను ఎవరూ తేలేదప్పా. కుక్క కరిచినాది. మా అంగడి మెట్టుమీద పండుకోనుండే తెల్లకుక్క. సచ్చిపోతానని భయం పట్టుకోని నేనే సూదికి వచ్చినా. ఇప్పుడు ఆ అమ్మకు అబద్ధం చెప్పినా. ఆడియోల్లో చెప్పిందీ నాకు తెలిసి చెప్పింది కాదు. తమ్ముడు పోయినాడు, ఎవరినో ఒకరిని తిట్టకుంటే నాకు నిద్ర పట్టలేదు. అంతే ఉండాది దాంట్లో."

భారతి గుమ్మం దగ్గరనుంచే అడిగింది. "గిప్పుడు చెప్పేది నిజమని ఎట్ల నమ్మాలె?"

"నమ్మొద్దు తల్లీ. చూడు. ముందు నాకు వేస్తారు, తర్వాతే పాపకు."

శాలువా, పేటా తీసేదాకా సౌమ్య ఆగలేదు. అందరి ముందూ చొక్కా చెయ్యి మడిచి పొడిచింది. పిక్కమీద గాయం చుట్టూ ఇంకో మందు వేసేటప్పుడు ఆవులప్ప మొహం వంకర్లు పోయి పేటా కళ్ళమీదికి జారింది. ఏడుపు మొహంతో ఉన్న పిల్ల కిలకిలా నవ్వింది. భారతి వెనక్కి వచ్చి కూర్చుంది. పిల్ల వంతు వచ్చినప్పుడు ఆవులప్ప ఆ పేటా తీసి దాని నెత్తిన పెట్టాడు.

లక్ష్మీనారాయణ మాత్రం గుంపు వైపు తిరిగాడు. "చూసినారా? సూది తగిలేముందే మాట మారిపోయినాది. అంటే అంతకుముందే ఏదో ఇచ్చినారు. ఇది అన్న మాట కాదు." అందరూ తలలు ఊపారు. మెడలో వేయని గంధపు దండను వెనక్కి పట్టుకుని టెంపోలు ఎక్కారు. ఆవులప్ప బస్టాండు చేరేలోపే, తాను పెట్టిన గుంపులోంచి తననే తీసేశారు. ఏడుపొచ్చింది. తర్వాత ఆకలేసింది.

రెండో సూదికి వెళ్ళినప్పుడు భారతి, పిల్ల ముందే వచ్చి కూర్చుని ఉన్నారు. కనుబొమలదాకా దిగిన పేటాతో పిల్ల ఆయనను చూసి చెయ్యి ఊపింది. ఇన్నేళ్ళలో ఆవులప్పకు అంత సంతోషం ఏ పొద్దునా కలగలేదు. దాని పక్కన కూర్చోబోతే, బెంచీ చివర మంకీ క్యాపు వేసుకున్న మనిషి ఒకడు మొహం తిప్పుకున్నాడు.

"లక్ష్మీనారాయణా?"

"మెల్లిగా అన్నా" అన్నాడు ఆ మనిషి. "ఆ మర్నాడు మీ అంగడి మెట్టుకాడికి పోయినా. నిజంగా ఏం జరిగిందో ఆధారాలు వెతుకుదామని."

"దొరికినాయా?"

లక్ష్మీనారాయణ ఒంటికి చుట్టుకున్న దుప్పటి కిందనుంచి కట్టు కట్టిన చెయ్యి తీసి చూపించాడు. సౌమ్య లోపలినుంచి లక్ష్మీనారాయణ పేరు పిలిచింది. లేచేముందు ఫోను తీసి పూర్తిగా ఆపేసి జేబులో పెట్టుకున్నాడు. కంపెనీవాళ్ళు వింటారని కాదు, గుంపువాళ్ళు వింటారని.