జూలై రెండవ తేదీ కేకు సంగ్రామము

స్వాతంత్ర్యమునకు ఓటు వేసినది జూలై రెండవ తేదీన గదా. మరి నాల్గవ తేదీన బాణసంచా కాల్చుట ఏ న్యాయము?

ఈ ప్రశ్న పుట్టి రెండువందల ఏండ్లు దాటినది. అధ్యక్షులు మారిరి. జెండామీది నక్షత్రములు పదమూడు నుండి ఏబదికి పెరిగినవి. సమాధానము మాత్రము ఇంతవరకు ఎవ్వరును చెప్పలేదు. చెప్పవలెనని ఎవ్వరికిని తోచలేదు.

కావున వినుడు. అట్లాంటిక మహాసాగర తరంగ శీకర శీతల మారుతములు ఉప్పువాసనను మోసికొనివచ్చి వీధివీధిన పంచిపెట్టు మసాచుసెట్స్ సీమలో, బోస్టన్ మహానగరమునకు దక్షిణముగా, ద్వితీయాధ్యక్షుడైన జాన్ ఆడమ్స్ మహాశయుడు ధర్మపత్నీసమేతుడై రాతిచర్చి నేలమాళిగలో శాశ్వతనిద్ర పొందుచున్న క్విన్సీ పురమున, నిదాఘకాలమున, జూలై రెండవ తేదీన, సాయంత్రము నాలుగు గంటల పది నిమిషములకు, శ్రీమతి వినిఫ్రెడ్ టిరెల్ అను వీరాంగన తన నీలివన్నె బ్యూయిక్ కారును బేకరీ యెదుట నిలిపి, ఇంజను ఆపి, చేతితొడుగులు సవరించుకొని, రణభూమిలో పాదము మోపెను.

ఆమె వయస్సు డెబ్బదియారు. ముప్పదినాలుగు సంవత్సరములు ఉన్నత పాఠశాలలో లాటిన్ బోధించి, పురమున సగముమందిని క్రియారూపములతో గడగడలాడించిన అధ్యాపకురాలు. ఆమె వంటగదిలో పొయ్యిపైన ఆడమ్స్ చిత్రపటము కలదు. ఆయన ప్రాతఃకాలమున పులిసిన ఆపిలురసము ఒక పాత్రెడు సేవించెడివాడని చదివిన నాటినుండి ఆమెయు గరిటెడు సేవించుచు, ఆ పటముతో దేశవ్యవహారములు చర్చించుచు, అవసరమైనచో మందలించుచు ఉండెను. ఇందులో వింత యేమియు లేదు. దేశస్థాపకుల భక్తులు కూడు ఆ పురపు స్థాపకమిత్రసభ యందలి ఇరువదిముగ్గురు సభ్యులును ఇట్టివారే. ఆ స్థాపకులు కాలము చేసి రెండు శతాబ్దములైనను, వారి పళ్లనొప్పులు, పద్ధతులు, పొరుగువారితో తగవులు ఈ సభ్యులకు నిన్నమొన్నటి ఇరుగింటి ముచ్చటలు.

ఆ సభలో ప్రతిసభ్యుడును ఒక్క మహాపురుషుని వరించి జీవితాంతము ఆయన పక్షమున నిలువవలెను. స్వాతంత్ర్య ప్రకటనపత్రమును రచించిన జెఫర్సన్ పక్షమును వరించినవాడు వెండెల్ ఫాక్సన్, విశ్రాంత దంతవైద్యుడు. తన నాయకునకు పచ్చిబఠాణీలు ప్రాణప్రదములని తెలిసి పెరడంతయు బఠాణీపాదులే వేసి, ప్రతి సమావేశమునకు గిన్నెడు ఉడికించి తెచ్చి, ఎవ్వరును అడుగకున్నను వడ్డించు ధురంధరుడు.

సభావిందు నాల్గవ తేదీన కాక రెండవ తేదీన జరుగవలెనని వినిఫ్రెడ్ పంతొమ్మిదేండ్లు వరుసగా తీర్మానము పెట్టెను. పంతొమ్మిదిమారులును ఓడెను. ఇరువదవ ఏట, మొన్నటి మార్చి నెలలో, పన్నెండు ఓట్లకు పదకొండు ఓట్లుగా గెలిచెను. అయ్యెడ ఫాక్సన్ లేచి, సభానియమావళిని చంకనిడుకొని, సవరణ యొకటి ప్రతిపాదించెను: రెండవ తేదీన, గడియారము ఐదు కొట్టునప్పటికి, "జూలై 2" అని వ్రాసిన కేకు బల్లపై ఉండవలెను, లేనిచో ఈ తీర్మానము రద్దై, మరెన్నటికిని సభముందుకు రాకూడదు. సవరణ నెగ్గెను. మరి ఇరువది ఏండ్లు పోరాడుటకు వినిఫ్రెడ్‌కు వయస్సు లేదు. ఆ సంగతి ఆమెకు తెలియును. ఫాక్సన్‌కును తెలియును.

మూడు వారముల క్రిందటనే ఆమె పెద్దక్షరములతో చీటీ వ్రాసి కేకునకు ఆజ్ఞ యిచ్చియుండెను. ఇప్పుడు దానిని కొనిపోవుటయే మిగిలెను.

ద్వారమున టోకెను యంత్రము ఆమెకు ఏబదియారు అను సంఖ్యను ప్రసాదించెను. ప్రకటనపత్రముపై సంతకము చేసినవారును ఏబదియార్గురే కదాయని ఆమె హృదయము ఒక్క లిప్తకాలము పొంగెను. వారిలో పెక్కుమంది సంతకము చేసినది ఆగస్టు రెండున గదాయని మరుక్షణమే స్ఫురించి, ఆ పొంగు చల్లారెను. గోడమీది అంకె నలువదియొకటి. ఎదుట పదునైదుగురు యోధులు, ఎరుపు తెలుపు నీలి వన్నెల పిండివంటలకై ఆకలిగొన్న సింహములవలె నిలిచియుండిరి.

వారి నడుమ నలువదియేడవ టోకెనుతో ఫాక్సన్ నిలిచియుండెను.

"ఓహో, టీచరుగారా! కేకు కోసమేనా?" అని అతడు పలుకరించెను.

"పూలు కొనడానికి బేకరీకి రాను, డాక్టరుగారూ."

"నాది నలభై ఏడు. మీకు తొందరైతే మార్చుకుందామని అడగొచ్చు. అడగరు కదా?"

"అడగను."

"నాకు తెలుసు. అడిగినా ఇచ్చేవాణ్ణి కాదనుకోండి. వరస వరసే."

పూర్వము డెలావేర్ ప్రతినిధి సీజర్ రాడ్నీ, వ్యాధిపీడితుడయ్యును, పిడుగులు పడు రాత్రి గుఱ్ఱమెక్కి యోజనములు దాటి, ఆ రెండవ తేదీ ఓటునకే వచ్చి అందుకొనలేదా? ఆయనకు టోకెను ఎవరిచ్చిరి? ఇట్లు తలపోయుచు ఆమె శిలాప్రతిమవలె ఇరువదియెనిమిది నిమిషములు నిలిచెను. ఫాక్సన్ తన పండ్ల 'పై' అను తీపివంటకమును అందుకొనియును వెడలక, వేడుక చూచుటకై కిటికీకడ కూర్చుండెను.

నాలుగు గంటల ముప్పదియెనిమిది నిమిషములకు ఏబదియారు పిలువబడెను.

బేకరీ యజమానురాలు డోలరస్ పషేకో. అజోర్స్ దీవులనుండి పసితనమున వచ్చిన ఆమె, పిండి అంటిన మోచేతులతో, విజయగర్వముతో, పెట్టె తెచ్చి మూత యెత్తెను. తెల్లని మంచుమైదానమువంటి కేకుపైన, నీలిక్రీముతో, తీగెలు సాగిన అందమైన దస్తూరితో వ్రాసియున్నది:

జూలై 4.

వినిఫ్రెడ్ చూచెను. మరల చూచెను. కళ్లద్దములు తీసి, తుడిచి, పెట్టుకొని, మూడవమారు చూచెను. నాలుగు నాలుగే.

"నేను రాసిచ్చింది రెండు," అనెను.

"అవునమ్మా, చీటీలో పొరపాటు పడ్డారు. నేనే సరిచేశా. పోయినేడు ఒకాయన పద్నాలుగని రాసిచ్చాడు. సరే కదా అని నేనూ అదే రాశా. తర్వాతొచ్చి కొట్టు నెత్తినెత్తుకున్నాడు. 'ఆ మాత్రం తెలీదా, పండగెప్పుడో?' అని. అప్పట్నుంచి తేదీలు నేనే చూసుకుంటున్నా."

"అది పొరపాటు కాదు. రెండే కావాలి."

"ఇవాళ రెండమ్మా. పండగ ఎల్లుండి."

"పండగ ఇవాళే."

వరుసలోనివారు ఒకరి మొగము లొకరు చూచుకొనిరి. డోలరస్ రెండు చేతులు నడుముపై నుంచెను.

"టీచరుగారూ, మా పిల్లలిద్దరికీ మీరు చదువు చెప్పారు. మీరంటే నాకు గౌరవం. కానీ నా కొట్టు పెట్టెలో తప్పు తేదీ బయటికి పోదు. నాకు ఇరవైరెండేళ్లప్పుడు పౌరసత్వం పరీక్ష పెట్టారు. ఆఫీసరు అడిగాడు, స్వాతంత్ర్య దినం ఎప్పుడని. జూలై నాలుగు అన్నాను. శభాష్ అని చెయ్యి కలిపాడు. ఇప్పుడు నా చేత్తో రెండని రాస్తే ఆ చెయ్యి వెనక్కి తీసుకోడూ?"

కిటికీకడనుండి నవ్వు వినవచ్చెను.

అంతట, రోషారుణితనేత్రయై, దృఢీకృతవెన్నెముకయై, చేసంచిని గదాదండమువలె ఎడమచేత బిగించి, కుడిచేయి గాజుపెట్టెపై మోపి, ముప్పదినాలుగేండ్లు తరగతిగదుల చివరిబల్లల వరకును చేరిన ఆ కంఠమును ఎత్తి, వినిఫ్రెడ్ ఇట్లు వచించెను:

"ఓ పిష్టపాకవిద్యావిశారదా! ఆలకింపుము! వేయిన్ని యేడువందల డెబ్బదియారవ వత్సరమున, ఫిలడెల్ఫియా పురమున, ఈగలు ముసురు ఉక్కపోతలో, మూసిన తలుపుల వెనుక, ఉరికంబపు నీడలో కూర్చుండి, రాజద్రోహమని యెఱిగియు, 'మేము వేరు' అని ఓటు వేసినది ఏనాడు? రెండవనాడు! ఆ మరునాడే ఆడమ్స్ మహాశయుడు ఇల్లాలికి లేఖ వ్రాసి, రానున్న తరములు ఈ రెండవ తేదీనే ఊరేగింపులతో, ఫిరంగులతో, ఘంటానాదములతో, దీపమాలికలతో జరుపుకొనునని నమ్మి పలికెను గదా! ఆ నమ్మకము నెరవేర్చినవారెవ్వరు? ఒక్కరును లేరు! ఈ కేకొక్కటియే ఆ పురుషునకు మిగిలిన దీపమాలిక!"

ఎవరో దగ్గిరి.

"పాపం, కానీ ఆయన కూడా చచ్చిపోయింది నాలుగో తేదీనే కదండీ," అని ఫాక్సన్ కాలుమీద కాలు వేసికొని పలికెను. "మా జెఫర్సనూ అదే రోజు. మీ ఆడమ్స్ తొంభయ్యేళ్లు బతికి, సరిగ్గా ఏభయ్యో పండగ నాడు. మీ ఆయనే ఒప్పేసుకున్నాడు, మీరెందుకండీ ఇంకా?"

ఆ బాణము మర్మస్థానమున నాటెను. ఇరువదేండ్లుగా ప్రతి వాదమునందును అతడు చివర వదలు బాణమదియే. వినిఫ్రెడ్ మెల్లగా అతనివైపు తిరిగెను.

"చావు తేదీ మనిషి ఎంచుకునేది కాదు డాక్టరుగారూ. ఓటు వేసే తేదీ ఎంచుకునేది. ఇంకొకటి. మనుషులంతా సమానమని రాసిన మీ ఆయన, బతికినన్నాళ్లూ ఆరువందల మందికి పైగా మనుషుల్ని సొంత ఆస్తిగా ఉంచుకున్నాడు. మా ఆయన ఒక్కరినీ ఉంచుకోలేదు. మీ ఆయన రాసిన కాగితానికి దేశమంతా దణ్ణం పెడుతోంది. నేను అడిగేది మా ఆయనకి ఒక్క అంకె."

ఫాక్సన్ కాలు దించెను.

గడియారము నాలుగు నలువదియాఱు. డోలరస్ మాత్రము వేరొక ఆలోచనలో ఉండెను.

"అదేదో మళ్లీ చెప్పండి టీచరుగారూ. రెండో తేదీన ఏం చేశారు?"

"విడిపోయామని తీర్మానించారు. ఓటు వేశారు. అయిపోయింది."

"నాలుగో తేదీన?"

"ఆ సంగతి చెప్పే కాగితాన్ని ఆమోదించారు."

"కాగితాన్ని," అని డోలరస్ మెల్లగా అనెను. "అంటే అసలు పని రెండున. కాగితం మీద తేదీ నాలుగు."

"అంతే."

డోలరస్ మొగమున మేఘములు క్రమ్మెను. ఆ మేఘములు వినిఫ్రెడ్‌పైకి కాక, బేకరీ గోడలు దాటి, ఎక్కడనో ఒక సోఫాలో కూర్చున్న పురుషునిపైకి సాగెను.

"మాకు పెళ్లయింది శుక్రవారం, పన్నెండో తేదీ. టౌను హాల్లో. నేను సంతకం పెట్టా, ఆయన పెట్టాడు, గుమస్తా ముద్ర కొట్టాడు. పెళ్లంటే అదీ. ఆదివారం చర్చిలో విందు, ఫొటోలు. నలభయ్యొక్కేళ్లుగా మా ఆయన పూలు తెచ్చేది పద్నాలుగున. ఎందుకయ్యా అంటే, ఫొటో వెనకాల ఆ తేదీ ఉందిగా అంటాడు! పన్నెండో తేదీ పొద్దున్నే లేచి కూర్చుంటాను టీచరుగారూ. కాఫీ తాగి, పేపరు చదువుకుని, వెళ్లిపోతాడు."

వరుసలోని స్త్రీలందరును ఒక్కసారి నిట్టూర్చిరి. పురుషులు నేల చూచిరి.

"మీకు నలభయ్యొకటి," అని వినిఫ్రెడ్ నెమ్మదిగా అనెను. "ఆయనకి రెండొందలు దాటాయి."

డోలరస్ చాకు తీసెను.

ఆహా, ఆ చాకు! ఇంద్రుని చేతి వజ్రాయుధమువలె తళుకులీనుచు, తెల్లని మైదానముపై దిగి, గర్వోన్నతశిరస్కమైన ఆ నాలుగు అంకెను మొదలంటఁ బెకలించి పళ్లెమున పడవైచెను! గాయము మిగిలెను, నీలివన్నె మరక మిగిలెను. తెల్లక్రీముతో పూడ్చినను అడుగున నీలినీడ తొంగిచూచెను. నీలిక్రీము అప్పటికే నిండుకొనెను. డోలరస్ ఎఱ్ఱక్రీము సంచి నెత్తి, ఊపిరి బిగించి, ఒక్క వంపు, ఒక్క గీత. మూడంగుళముల ఎత్తున, రాజహంస మెడవలె, రెండు అను అంకె అవతరించెను.

"ఈ నాలుగు మా ఆయనకి పెడతా," అని డోలరస్ పళ్లెమును ప్రక్కకు జరిపెను. "ఎందుకో కూడా చెప్పి పెడతా."

నాలుగు ఏబదియొకటి. కేకును ప్రక్కసీటున కూర్చుండబెట్టి, నడికట్టు బిగించి, వినిఫ్రెడ్ రథము నడిపెను. వేగము గంటకు పద్దెనిమిది మైళ్లు, మలుపులలో పది. వెనుకనే ఫాక్సన్ కారు. హారను మ్రోయింపలేదు, అంతమాత్రము సంస్కారము అతనికి కలదు. సభామందిర ద్వారమును ఆమె దాటునప్పటికి ఐదు గంటలకు ఒక నిమిషము తక్కువ. కేకు బల్లను తాకెను. గడియారము ఐదు కొట్టెను.

ఫాక్సన్ జేబునుండి దంతవైద్యుల చిన్నయద్దమును తీసి, కేకుపై వంగెను.

"కింద నాలుగు ఆనవాలు కనిపిస్తోంది," అనెను.

సభాధ్యక్షురాలు ఫ్రాంక్లిన్ పక్షమును వరించినది. ఆయనవలెనే ఏ పక్షమును నొప్పింపని నేర్పరి. ఆమె కేకును చూచెను, గడియారమును చూచెను, తన ఆకలిని విచారించుకొనెను.

"చదవడానికి వచ్చేది రెండు, వెండెల్. ఇంక కూర్చో."

ఓటున ఓడినవారికే మొదటి ముక్క వడ్డించుట ఆ సభ ఆచారము. వినిఫ్రెడ్ చాకు చేపట్టి, మిక్కిలి మెలకువతో, నాలుగు వైపుల కొలిచి కోసి, ఆ ఎఱ్ఱని రెండంకెను చెక్కుచెదరక సమూలముగా ఒకే ముక్కలో తీసి, ఫాక్సన్ యెదుట నుంచెను. సభయంతయు చూచుచుండెను. అతడు పళ్లెమును చూచెను; తన బఠాణీగిన్నెను చూచెను; ఫోర్కు ఎత్తెను. మొదట ఆ హంసమెడను తినెను. పిదప అడ్డగీతను తినెను.

"క్రీము బాగుంది," అనెను.

ఇట్లు, ఇరువది సంవత్సరముల సంగ్రామానంతరమున, మూడంగుళముల పొడవును అరచెంచాడు చక్కెరయు గల ఒక అంకె, ప్రత్యర్థి నోటిగుండా విజయముగాంచెను. వినిఫ్రెడ్ ఇంటికి పోయి, పొయ్యిపైని పటమునకు ఆ సంగతి చెప్పెను. అటుపిమ్మట గరిటెడు కాక, పాత్రెడు సేవించెను.

చదువరీ, పుస్తకము మూయకుము. నీ గోడమీది క్యాలెండరులో జూలై పుట తీయుము. కలము పట్టుము. రెండవ తేదీ చుట్టును సున్న చుట్టుము. సిరాతో. ఇప్పుడే.