తోక తీసిన తెలుగు

ఆ ఉదయం రామమోహనరావుగారి పథకం చాలా చిన్నది. ఆఫీసుకు ఒక పూట సెలవు పెట్టి, కూతురి స్కూలుకు వెళ్లి, తొమ్మిదో తరగతిలో రెండో భాషగా హిందీ మాన్పించి సంస్కృతం ఇప్పించాలి. మధ్యాహ్నం భోజనానికి ఢిల్లీ మునిర్కాలోని ఇంటికి వచ్చేయాలి. సంస్కృతంలో మార్కులు దండిగా వస్తాయి. ఆ మార్కులతో పదిలో మంచి శాతం, ఆ శాతంతో సైన్సు, సైన్సుతో ఇంజనీరింగు. శ్రీవల్లి బతుకుబాటంతా ఆయన పళ్లు తోముకుంటుండగానే వేసేశారు. శ్రీవల్లి మాత్రం గుమ్మం దాకా వెంట వచ్చింది.

"నాన్నా, హిందీయే ఉంచండి. ప్లీజ్."

"రెండేళ్ల కిందట హిందీ రాదని ఇంతింత కన్నీళ్లు పెట్టింది నువ్వే కదమ్మా?"

"ఇప్పుడు వచ్చు కదా నాన్నా."

ఆయనకూ వచ్చు. గుంటూరు నుంచి ఢిల్లీకి బదిలీ అయిన కొత్తల్లోనే హిందీ గుట్టు కనిపెట్టేశారు. తెలుగులో ఉన్న సంస్కృతం మాటకు తోక కత్తిరిస్తే హిందీ అవుతుంది. సమయం సమయ్, నగరం నగర్, ధనం ధన్. ఆటోవాళ్లకు అర్థం కాకపోతే అది వాళ్ల ఖర్మ, వాళ్లకు శుద్ధమైన హిందీ రాదు. స్కూళ్ల బోర్డుల మీద 'శిక్షా' అని ఉండటం కూడా ఆయనకు వింతనిపించలేదు. ఆయన చిన్నప్పుడు బళ్లో జరిగిందీ అదే.

క్లాసు టీచరు శుక్లా మేడం. హిందీ కూడా ఆవిడే చెబుతారు. ఇంగ్లీషు ముక్క కలపకుండా మాట్లాడటం ఆవిడ నియమం. ఇన్నాళ్లకు తన స్థాయి మనిషి దొరికిందని రావుగారు సంబరపడి కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు.

"ఆప్‌కీ బేటీ బహుత్ చేష్టా కర్‌తీ హై," అన్నారు మేడం గంభీరంగా.

చేష్టలా! రావుగారి గుండెల్లో రాయి పడింది.

"అవకాశ్ మిల్తే హీ ఉపన్యాస్ లేకర్ బైఠ్ జాతీ హై. మేరా అనుమాన్ హై, యే బహుత్ ఆగే జాయేగీ. మేరా ఆగ్రహ్ హై, ఇసే అచ్ఛీ శిక్షా దీజియే."

ఆయన తోకలన్నీ తిరిగి అతికించుకున్నారు. చేష్టలు. అవకాశం దొరికితే ఉపన్యాసాలు. అనుమానం, పిల్ల చాలా దూరం వెళ్తుందని. ఆపైన ఆగ్రహం. చివరికి మంచి శిక్ష.

"బహుత్ విచార్ మే హూఁ మేడం," అన్నారు. చాలా విచారంగా ఉందని ఆయన భావం.

"హాఁ హాఁ, విచార్ కీజియే. జరూర్ కీజియే," అన్నారావిడ ప్రసన్నంగా.

తండ్రి ఏడుస్తుంటే ఇంకా ఏడవమంటోంది, ఏం మనిషిరా బాబూ అనుకుంటూ ఆయన బయటపడ్డారు. సంస్కృతం సంగతి బస్సెక్కాక గుర్తొచ్చింది.

ఇంటికొచ్చాక మేడం అన్న మాటల్ని ఆయన కూతురికి హిందీలోనే చెప్పి ఉంటే కథ ఆ మధ్యాహ్నమే ముగిసేది. కానీ పిల్లకు తన మీద గురి ఉండాలని, శ్రమపడి తెలుగులోకి మార్చి అడిగారు.

"ఏం చేష్టలు చేస్తున్నావే బళ్లో? ఉపన్యాసాలు దంచుతున్నావట?"

"నేనా? ఉపన్యాసాలా? మా క్లాసులో నేను నోరే విప్పను నాన్నా!"

"అంటే మేడం అబద్ధమాడిందా? ఎంత దూరం వెళ్లావో చెప్పు!"

శ్రీవల్లి ఏడుపు మొదలుపెట్టింది. ఆయన భార్య ఛాయాదేవి పప్పు దింపి పరుగెత్తుకొచ్చింది. "ఏమండీ, ఇక్కడి యూనివర్సిటీ పిల్లలు గోడల నిండా పోస్టర్లు అతికిస్తారు, రోజూ ఊరేగింపులు చేస్తారు. వాళ్లతో గానీ కలిసిందేమోనండీ," అంది. పై అంతస్తు లీలావతి ఆంటీ దిగివచ్చి, తనకు ముందు నుంచీ ఆ పిల్ల మౌనం మీదే అనుమానంగా ఉందని తేల్చేసింది.

సాయంత్రం రావుగారు ఎస్టీడీ బూత్ నుంచి విజయవాడలో ఉన్న బావమరిదికి ఫోన్ చేశారు. సాయిప్రకాష్ ఉత్సాహానికి పట్టపగ్గాల్లేవు.

"ఇక్కడ మంచి రెసిడెన్షియల్ స్కూలుంది బావగారూ! తెల్లారకముందే లేపి చదివిస్తారు. నవ్వితే ఫైను. పంపించెయ్యండి, ఇంజనీరును చేసి ఇస్తారు!"

వెంటనే జీటీ ఎక్స్‌ప్రెస్‌కు టిక్కెట్లు తీశారు. శ్రీవల్లి అన్నం మానేసింది. బతిమాలింది. ఈ ఊళ్లో తన మొదటి ఏడాదంతా మాట్లాడితే క్లాసు పిల్లలు నవ్వారనీ, వాళ్లలో ప్రీతి ఒక్కతే నవ్వకుండా పక్కన కూర్చోబెట్టుకుందనీ, ఇప్పుడిప్పుడే తనకు ఈ ఊరు నోటికొచ్చిందనీ చెప్పింది. "మళ్లీ కొత్తగా మొదలుపెట్టడం నా వల్ల కాదు నాన్నా" అంది. అయినా ఆయన మేడం ఆగ్రహం గుర్తొచ్చి మనసు రాయి చేసుకున్నారు.

మర్నాడు టీసీ కోసం ఇద్దరూ స్కూలుకు వెళ్లారు. శ్రీవల్లి లైబ్రరీ పుస్తకాలు తిరిగి ఇచ్చేయడానికి గుండెకు హత్తుకుని తెచ్చుకుంది.

"టీసీ? క్యోఁ?" మేడం లేచి నిలబడ్డారు.

"ఆప్‌కే ఆగ్రహ్ కే కారణ్," అన్నారు రావుగారు తలవంచుకుని. "శిక్షా దేనే విజయవాడా భేజ్ రహా హూఁ. ఆప్‌కా అనుమాన్ సత్య్ హై."

శ్రీవల్లి చటుక్కున తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, మేడం నిన్న ఏమన్నారు? తెలుగు చేయకండి. ఆవిడ మాటలే చెప్పండి."

ఆయన జ్ఞాపకశక్తి గట్టిది, ఒక్క ముక్క పొల్లుపోకుండా అప్పజెప్పారు.

"చేష్టా అంటే కష్టపడటం నాన్నా. అనుమాన్ అంటే అంచనా. నేను చాలా పైకొస్తానని మేడం అంచనా అట. ఆగ్రహ్ అంటే గట్టిగా కోరడం. శిక్షా అంటే చదువు, నన్ను బాగా చదివించమని కోరారు. విచార్ కీజియే అంటే ఆలోచించమని." గుండెకు హత్తుకున్న పుస్తకాలు బల్ల మీద పెట్టింది. "అవకాశ్ అంటే తీరిక, ఉపన్యాస్ అంటే నవల. ఇవీ నా ఉపన్యాసాలు."

రావుగారు ఆ పుస్తకాలను చూశారు. రెండేళ్లుగా అలాంటివి ఇంట్లోనే, ఆయన కళ్లజోడు పక్కనే ఉంటున్నాయి. పిల్లను మెచ్చుకున్న ప్రతి మాటనూ నేరంగా మోసుకెళ్లి దాని నెత్తినే వేశానని తెలిసి ఆయన కళ్లు తడిశాయి.

"ఒక్క మంచి మాట చెప్పారని ముందే తెలిస్తే బావుండేది నాన్నా," అంది శ్రీవల్లి. "ఎవరైనా అంటారేమోనని రెండేళ్ల నుంచి ఎదురుచూస్తున్నాను."

"తప్పయిందమ్మా," అన్నారాయన. కూతురితో ఆ మాట అనడం అదే మొదలు.

విషయం అర్థమయ్యాక శుక్లా మేడం నవ్వలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, రెండో భాష ఏది రాసుకోమంటారని అడిగారు. ఈ గొడవంతటికీ సంస్కృతమే మూలమని రావుగారికి తోచింది. సొంత పిల్లను రైలెక్కించబోయిన భాషను నమ్మి ఆ పిల్ల బతుకే మళ్లీ అప్పగించలేమని, "హిందీ," అన్నారు.

టిక్కెట్లు రద్దయ్యాయి. సాయిప్రకాష్ వారం రోజులు అలిగాడు. అప్పటి నుంచి రావుగారు ఎవరితోనైనా హిందీ మాట్లాడాలంటే ముందు కూతురి అనుమతి తీసుకునేవారు. అనుమతి అంటే రెండు భాషల్లోనూ అనుమతేనా అని మొదటే కనుక్కున్నారు.