ఫుమినో పట్టించిన తుప్పు

ఆ శనివారం ఉదయం ఫుమినో వేసుకున్న పథకం చాలా చిన్నది. అన్నం ముద్దలు రెండు కట్టుకోవడం, రాత్రి బాల్కనీలో ఆరబెట్టిన బొమ్మ యుద్ధట్యాంకును పెట్టెలో సర్దుకోవడం, పది గంటలలోపు షిజువోకా ప్రదర్శనశాలకు చేరి, ఇలాంటి బొమ్మలు చేసేవాళ్ల క్లబ్బు బల్ల మీద దాన్ని పెట్టడం. పది దాటితే బల్ల మూసేస్తారు. అరచేతిలో ఇమిడే ఆ ప్లాస్టిక్ ట్యాంకుకు బురద, మసి, తుప్పు అద్దడానికి ఆమెకు చలికాలమంతా పట్టింది. పోయిన ఏడాది క్లబ్బు పెద్ద ఓయిషి గారు ఆమె ట్యాంకును చూసి, "పెళ్లికూతురిలా ఉంది. యుద్ధానికి పోయొచ్చిన మొహమేనా ఇది?" అన్నారు. ఆ మాట ఇంకా గుచ్చుతూనే ఉంది.

అన్నం ముద్దకు ఎండు సముద్రపాచి చుడుతుండగా తలుపు చప్పుడైంది. ఆమెను కొత్తగా పెళ్లాడిన క్యోహెయి వెళ్లి, అపార్ట్‌మెంటు బాగోగులు చూసే ఇకెగాయా గారిని మర్యాదగా లోపలికి పిలిచాడు. ఫుమినో చేయి కడుక్కుని వచ్చేసరికి బాల్కనీ తలుపుకు అడ్డంగా పసుపు టేపు. ట్యాంకు అవతల, ఆమె ఇవతల.

"కింద ఊడుస్తూ తలెత్తి చూశానమ్మా, గుండె ఆగినంత పనైంది. మీ బాల్కనీ కడ్డీని తుప్పు తినేసింది. సోమవారం ఇంజినీరు వచ్చేదాకా అటు కాలు పెట్టొద్దు."

"అది తుప్పు కాదండీ, రంగు. నేనే వేశాను. ట్యాంకుకు వేసేముందు కడ్డీ మీద చేయి సరిచూసుకున్నా."

"జుట్టు నెరిసేదాకా తుప్పే చూశాను. నాకా చెప్తావు?"

ఫుమినోకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే ఎక్కడో గుండె కొంచెం పొంగింది కూడా.

"ఇంత బాగా వేయకుండా ఉండాల్సింది," అన్నాడు క్యోహెయి.

అప్పటికే కబురు మేడంతా పాకింది. మంచి ఎండ కాసిన రోజు కడ్డీల మీద ఆరేసుకున్న పరుపులన్నీ జనం లోపలికి లాక్కున్నారు. పై అంతస్తు ఆవిడ చుట్టిన పరుపు చంకన పెట్టుకునే దిగివచ్చింది. "మీ ఇంటి తుప్పు మా ఇంటికి పాకుతుందా?" అని నిలదీసింది.

ఇక ఫుమినో ఆగలేదు. రంగు వదలగొట్టే థిన్నరులో ముంచిన గుడ్డతో టేపు కిందుగా దూరి కడ్డీని ఒక్క తుడుపు తుడిచింది. తుప్పు మాయమై తెల్లగా మెరిసింది.

ఇకెగాయా గారు చాలాసేపు చూశారు. "అయితే ఇదంతా నీ పనేనన్నమాట. మరి మెట్ల కడ్డీ?"

"అది నిజం తుప్పండీ."

"ఇది నిజమని నేనంటే కాదన్నావు. ఇప్పుడు అది నిజమంటున్నావు. ఏదో ఒక మాట మీద నిలబడమ్మా."

"సైకిళ్ల షెడ్డు కూడా వీళ్లు వచ్చాకే అట్లా తయారైంది," అంది పరుపావిడ. "గేటు సంగతి అడగండి."

"గేటుకు నేనెందుకు తుప్పు పట్టిస్తాను?"

"దీనికెందుకు పట్టించావో దానికీ అందుకే," అన్నారు ఇకెగాయా గారు. "ముందు గేటు తుడిచి, తర్వాత ఎక్కడికైనా వెళ్లు."

క్యోహెయి ఆమె చేతిలో గుడ్డ తీసుకున్నాడు. "నువ్వు బయల్దేరు. గేటు నేను చూసుకుంటా."

"నువ్వు తుడిస్తే నేను తప్పు ఒప్పుకున్నట్టే కదా."

"ఒప్పుకోకపోతే ట్యాంకు కదలదు."

భర్త మీద ప్రేమతో, మిగతా లోకం మీద కోపంతో ఆమె ట్యాంకును పెట్టెలో సర్దుకుని పరుగెత్తింది. బల్ల మూసేలోపే చేరింది. ఓయిషి గారు కళ్లజోడు సర్దుకుని ట్యాంకు చుట్టూ తిరిగి చూశారు.

"బురద బాగుంది. తుప్పు మాత్రం నమ్మబుద్ధి కావడం లేదు."

"ఈ తుప్పును చూసి మా అపార్ట్‌మెంటంతా పరుపులు లోపలికి తీసుకుందండీ," అంది ఫుమినో పళ్లు బిగించి.

ఆయన జోకనుకుని నవ్వారు.

సాయంత్రం ఆమె తిరిగి వచ్చేసరికి క్యోహెయి చొక్కా చేతులు మడుచుకుని ఇంకా గేటు తోముతున్నాడు. తుప్పు ఎక్కడిదక్కడే ఉంది. పక్కనే టీ తాగుతున్న ఇకెగాయా గారు ఆమెను చూసి, ఎన్నడూ లేనంత గౌరవంగా తల వంచారు.

"పొద్దుట్నుంచీ రుద్దుతున్నాడు, రవ్వంత రాలేదు. బాల్కనీది ఏదో తొందరలో చేసినట్టున్నావు గానీ, ఈ గేటుది చేయి తిరిగిన పనమ్మా."

ఫుమినో కాదనడానికి నోరు తెరిచింది. మళ్లీ మూసుకుని, వంగి నమస్కరించింది.

ఆ రోజు ఆమె తుప్పుకు దక్కిన మెప్పు అదొక్కటే, ఆ గేటు పనంతా మాత్రం వానది.