బ్రుండా ఉందనడానికి రుజువేమిటి?

ప్రపంచాన్ని పుట్టించడానికి ఎంత శ్రమ పడాలో గాని, ఉన్న ప్రపంచం అసలు లేదనడానికి ఒక్క సర్క్యులర్ చాలు. హోలిండార్ అనే ఊహాప్రపంచం, పాత్రలు ధరించి ఆడే ఒక ఆట కోసం, ముప్పై నాలుగేళ్లుగా పుస్తకాల్లో ఉంది. అందులో పదకొండు రాజ్యాలు వెలిశాయి, నాలుగు మహాయుద్ధాలు జరిగాయి, రెండు ప్రళయాలు వచ్చాయి (రెండోది అచ్చుతప్పు వల్ల వచ్చింది, అయినా ఆడేవాళ్లందరూ భక్తిగా మునిగారు). ఆ పుస్తకాలు వేసే కంపెనీ మార్చి రెండో తేదీన 'మహోదయం' పేరుతో ఒక ప్రకటన చేసింది. హోలిండార్‌ను మళ్లీ మొదటినుంచి మొదలుపెడుతున్నామనీ, ఇంతవరకు జరిగినదేదీ జరగలేదనీ, కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామనీ దాని సారాంశం.

ఆ కబురు అమెరికాలో విస్కాన్సిన్‌లోని వాసా ఊళ్లో, వెండెల్ కోస్కి ఇంటి నేలమాళిగకు గురువారం సాయంత్రం చేరింది. అక్కడ ప్రతి గురువారం ఐదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. కాగితం మిల్లులో పనిచేసి రిటైరైన వెండెల్ కథ నడుపుతాడు. మిగతా నలుగురూ తలో పాత్రా అయి మాట్లాడతారు. గొడ్డలి దెబ్బ తగిలిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. పాచిక నేల మీద పడితే చెల్లదు. ఈ నియమం మీద 1998లో ఒక స్నేహం తెగిపోయింది, ఇప్పటికీ అతకలేదు.

మార్లిస్ టోలెఫ్‌సన్ పాత్ర పేరు బ్రుండా. కొండమరుగుజ్జుల జాతి, వైద్యం వృత్తి, గరుకు గొంతు. మార్లిస్ సొంత ఉద్యోగం డ్రైవింగు లైసెన్సుల ఆఫీసులో మూడో నంబరు కౌంటరు. అక్కడ ఆమెను చూసి ఇరవై ఏడేళ్లలో ఏ ఒక్కరి ముఖమూ వెలగలేదు. హోలిండార్‌లో మాత్రం బ్రుండా వస్తోందంటే చావబోయేవాడు లేచి కూర్చుంటాడు. శత్రుసైనికుడికి కూడా తన దుప్పటి చింపి కట్టుకట్టిన మనిషి ఆవిడ. గ్రెట్‌విక్ అనే ఊళ్లో ఒక వంతెనకు ఆమె పేరు పెట్టారు. విడాకులప్పుడూ, మోకాలి ఆపరేషనప్పుడూ, తల్లి పోయిన వారంలోనూ మార్లిస్ గురువారం మానలేదు. బ్రుండా లేకపోతే తను కౌంటరు మాత్రమేనని ఆమెకు తెలుసు, ఆ మాట తలుచుకుంటేనే భయం.

"అంటే మన బ్రుండా లేదా?" అంది మార్లిస్, ఆ ప్రాంతపు చిరుతిండి, పంటికింద కిచకిచలాడే చీజ్ ముక్క, నమలడం ఆపి.

"లేకపోవడం కాదు మహాతల్లీ, ఎప్పుడూ లేదంట. రెండూ వేరు. ఇదిగో, అడుగున చిన్నక్షరాల్లో రాశాడు," అన్నాడు వెండెల్.

"అయితే ముప్పై మూడేళ్లు నేను ఎవరి పుండ్లు కడిగానయ్యా?"

"నా గుర్రం సంగతేంటి మరి?" అన్నాడు కర్ట్. ఊళ్లో ఇళ్ల పైకప్పులు వేసే అతను హోలిండార్‌లో గుర్రపు దొర.

"ఊరందరిదీ ఒక దారి, నీ గుర్రానిది ఒక దారి! నోర్మూసుకో కాసేపు," అంది మార్లిస్.

కంపెనీ మరీ అంత కఠినాత్మురాలు కాదు. పాత పాత్రలు కొత్త ప్రపంచంలోకి రావడానికి 'అస్తిత్వ విభాగం' ఒకటి నెలకొల్పి, ఫారం ఏడు విడుదల చేసింది. తాను ఇదివరకు ఉండేదాన్నని పాత్ర స్వయంగా సంతకం చేయాలి. అందుకు ఇద్దరు సాక్షులు కావాలి. ఆ సాక్షులు కొత్త ప్రపంచంలో కనీసం ఏడాదిగా నివసిస్తూ ఉండాలి (కొత్త ప్రపంచం వయసు తొమ్మిది రోజులు). కథ నడిపేవాడి సాక్ష్యం చెల్లదు, ఎందుకంటే అన్నీ చూసినవాడు పక్షపాతి. ఫోటోలో చెవులు కనపడాలి, శిరస్త్రాణం ఉండకూడదు. బ్రుండా ఒక మంత్రగత్తె శాపం వల్ల 1996 నుంచి శిరస్త్రాణం తీయలేదు.

మార్లిస్‌కు కోపం రావాల్సింది. కాని ఆ ఫారాన్ని రెండుసార్లు చదివాక ఆమెకు గౌరవం కలిగింది. ఇరవై ఏడేళ్లుగా జనాన్ని వెనక్కి పంపుతున్న మనిషి, పనితనం చూస్తే గుర్తుపట్టదా?

"గట్టివాడు రాశాడు," అంది నెమ్మదిగా. "ఎక్కడా సందు లేదు. బావుంది."

ఆ గురువారం నుంచి బల్ల మీద పాచికలు పక్కకు జరిగి పెన్సిళ్లు ముందుకొచ్చాయి. శాపానికి ధ్రువపత్రం కావాలంటే ఆ మంత్రగత్తె సంతకం కావాలి. మంత్రగత్తెను 2003లో వీళ్లే చంపారు. చంపినట్టు ఒప్పుకుంటూ అఫిడవిట్ పంపితే, లేని మనిషిని చంపినందుకు విభాగం సంజాయిషీ అడిగింది. చిరునామా రుజువుగా వంతెన పేరు రాస్తే, కొత్త పటంలో గ్రెట్‌విక్ సముద్రంలో ఉందనీ, సముద్రవాసులకు ఫారం తొమ్మిది వేరే ఉందనీ జవాబు వచ్చింది. కొండమరుగుజ్జు సముద్రంలో ఎందుకుందో కారణం రాయడానికి నూట ఇరవై మాటల చోటిచ్చారు. ఐదుగురూ నాలుగు గురువారాలు కూర్చుని నూట పంతొమ్మిది మాటల్లో రాశారు.

ఆరో నెలలో ఒక గురువారం మార్లిస్ నేలమాళిగలోంచే, అందరికీ వినపడేలా విభాగానికి ఫోను చేసింది. ప్రెస్టన్ అనే ఉద్యోగి పలికాడు. పాపం, మంచివాడు.

"అమ్మా, నన్నడిగితే ఒక మాట చెప్తాను. మీ పాత పుస్తకాలు మీ దగ్గరే ఉన్నాయి కదా? హాయిగా ఆడుకోండి. మిమ్మల్ని ఆపడానికి మీ ఇంటికి ఎవరూ రారు."

వెండెల్ వెళ్లి నేలమాళిగ తలుపు వేసి వచ్చాడు.

"అంటే, అనుమతి లేకుండానా?" అంది మార్లిస్.

"అసలు అనుమతే అక్కర్లేదండీ."

"ఆ ముక్కే కాగితం మీద రాసివ్వు నాయనా."

"అలాంటి ఫారం మా దగ్గర లేదండీ."

"ఫారం లేని మాట ఎలా నమ్మమంటావు? ఏం, మేం నీకు వెర్రివాళ్లలా కనబడుతున్నామా?" అని ఫోను పెట్టేసింది. "చూశావా వెండెల్, ఎంత నిర్లక్ష్యమో! ఆడుకోండట!"

"ఈ కాలం కుర్రాళ్లకి పద్ధతీ పాడూ లేదు," అన్నాడు వెండెల్.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి కూడా ఇచ్చేశాడు, భక్తులే పుచ్చుకోలేదు. ప్రెస్టన్ మీద ఫిర్యాదు వెళ్లింది. దేశం నలుమూలల నుంచీ అలాంటి ఫిర్యాదులే రావడంతో విభాగం సిగ్గుపడి ఫారం పన్నెండు ముద్రించింది. అది అనుమతి అక్కర్లేదని అనుమతించే పత్రం. దానికి ఫారం ఏడు జతచేయాలి.

పదమూడో నెలలో బంగారురంగు ముద్రతో కవరు వచ్చింది. బ్రుండా ఉంది. ఇదివరకూ ఉండేది. ఇకముందు కూడా ఉండవచ్చు. మార్లిస్ ఆ కాగితాన్ని గుండెకు హత్తుకుని భోరున ఏడ్చింది. మిగతావాళ్లకూ కళ్లు తడిశాయి. కర్ట్ గుర్రం దరఖాస్తు ఇంకా పెండింగులోనే ఉన్నా, ఆ పూట అతను పెద్దమనసు చేసుకుని కథలోకి కాలినడకనే వస్తానన్నాడు.

వెండెల్ దీపం తగ్గించి, గొంతు సవరించుకుని కథ అందుకున్నాడు. "మంచు కురుస్తోంది. సైనికుడొకడు పొత్తికడుపు పట్టుకుని డేక్కుంటూ వస్తున్నాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు. బ్రుండా కాళ్ల దగ్గర కూలబడి, 'తల్లీ, కాపాడు' అన్నాడు. బ్రుండా, ఏం చేస్తావు?"

అందరూ ముందుకు వంగి ఆ గరుకు గొంతు కోసం ఎదురుచూశారు. మార్లిస్ కళ్లజోడు సవరించుకుంది.

"గాయం ఎప్పుడైందో రాసిన కాగితం ఏదైనా తెచ్చాడా?" అంది.

ఎవరూ నవ్వలేదు. న్యాయమైన ప్రశ్నే అనిపించి వెండెల్ పాచిక వేసి చూశాడు. సైనికుడు ఏ కాగితమూ తేలేదు.