భూపాల్ గారి స్నానం

మన వీధి ప్రజలకు తెలియజేయడమేమనగా, గోదావరిఖనిలో కదలలేనివారికి ఇకపై ఏ లోటూ లేదు. ఈ సంగతిని 'వెచ్చని చెయ్యి సేవా సంఘం' అధ్యక్షులు సదానందం గారు స్వయంగా మైకులో ప్రకటించారు.

"స్నానం మనిషి జన్మహక్కు! చెంబే మన ఆయుధం! కదలలేని సోదరుడి దగ్గరికి మనమే కదిలి వెళ్దాం!" అన్నారు. కుర్చీలోంచి లేవకుండానే అన్నారు.

సంఘం ప్రశాంత్ అనే యువకుణ్ని నియమించింది. స్నానం చేయించడం, గడ్డం గీయడం, బట్టలు తొడగడం, తినిపించడం, దొడ్డికి తీసుకుపోవడం అతని పని. పని బాగా నేర్చుకుని వచ్చాడు. సేవ ఎవరికి అన్న విషయంలో సంఘానికి ఏ గందరగోళమూ లేదు. బొగ్గుగని ఉద్యోగానికి ఇక పనికిరారని డాక్టర్లు రాసిస్తే, అంటే అన్‌ఫిట్ అయి, ఇంటికి వచ్చినవారికి. మన వీధిలో అలాంటివారు పదకొండు మంది. వారు ఎలా అన్‌ఫిట్ అయ్యారని అడగడం మర్యాద కాదు. వారి బదులు వారి కొడుకులకు ఆ ఉద్యోగాలు వచ్చాయి. కుటుంబాలు చల్లగా ఉన్నాయి. మనం అడగలేదు, ఇప్పుడూ అడగం.

అందులో భూపాల్ గారు ముఖ్యులు. ఆయనకు వెన్నెముక పనిచేయదు. ఆ వెన్నెముకతోనే నిరుడు ఇంటిమీద రేకుల షెడ్డు వేశారు. పొద్దున్నే గ్రౌండుకు పోయి షటిల్ ఆడతారు. ప్రశాంత్ సేవకు కాదు, తనిఖీకి వస్తున్నాడని వీధిలో పుకారు లేచింది. మంచం మీద కనబడకపోతే కొడుకు ఉద్యోగానికి ఎసరేనన్నారు. ఆ రోజు నుంచి మన వీధిలో పదకొండు మంచాలు నిండాయి.

మొదటిరోజు భూపాల్ గారు గ్రౌండు నుంచి పరుగెత్తుకొచ్చి దుప్పటిలో దూరేసరికి ప్రశాంత్ లోపలికి వచ్చాడు. దుప్పటి తీశాడు.

"కాకా, మంచంల బూట్లేంది?"

"కాళ్లు సల్లవడ్తయి బిడ్డా."

ప్రశాంత్ బూట్లు విప్పి, ఆయన్ని ఎత్తి, కుర్చీలో కూర్చోబెట్టి, నీళ్లు పోసి, వీపు తోమాడు. తలుపు దగ్గర ఆయన భార్య మల్లక్క నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఇన్నేండ్లు నీళ్లు తోడిపెట్టిన. ఒక్కనాడన్న నా చేతికి సబ్బు ఇచ్చినవా? గిప్పుడు చెవులు గూడ తుడిపించుకుంటున్నవ్. సిగ్గు లేదా?"

"మెల్లగనవే! పోరని నౌకరి నా ఈపు మీదున్నది."

నాలుగు రోజులు సిగ్గుపడ్డారు. ఐదో రోజు నీళ్లు ఇంకొంచెం వేడిగా ఉండాలన్నారు. నెల తిరిగేసరికి పదకొండు మందీ చక్కగా కుదురుకున్నారు. వారిలో రాయమల్లు గారికి అంగీ గుండీలు పెట్టుకోవడం మరుపుకొచ్చింది. ఆయనకు గోళ్లు తీశారని, తనకు తీయలేదని భూపాల్ గారు సంఘానికి ఫిర్యాదు ఇచ్చారు. సొంత కాళ్లతో నడిచివెళ్లి ఇచ్చారు. సంఘం విచారం వెలిబుచ్చింది.

భూపాల్ గారి పక్కింట్లో వీరేందర్ ఉంటాడు. బైకు మీంచి పడి మెడ విరిగింది. మెడ కింద ఏదీ కదలదు. మెడ పైన మాత్రం అన్నీ పనిచేస్తాయి, ముఖ్యంగా నోరు. ఎత్తడం, దించడం, కడగడం, తినిపించడం తల్లి సారవ్వ చేస్తుంది. తల్లి చేస్తే దాన్ని సేవ అనరు, ఇంటి పని అంటారు. ఇప్పుడు సారవ్వకు గర్భసంచి జారింది. ఆపరేషన్ చేయాలని, తర్వాత నీళ్ల బిందె కూడా ఎత్తవద్దని దవాఖానలో చెప్పారు. కొడుకు బిందె కంటే బరువు. అందుకని ఆమె ఆపరేషన్ మానుకుని నొప్పి పడుతోంది.

మల్లక్క బలవంతం మీద సారవ్వ సంఘానికి వెళ్లింది.

"మీవాడు ఏ ఉద్యోగానికి అన్‌ఫిట్ అయ్యాడమ్మా?" అని సదానందం గారు అడిగారు.

"నౌకరే దొరకలే సారూ."

"ఉద్యోగమే లేనివాడు అన్‌ఫిట్ ఎట్లా అవుతాడు?"

తర్కంలో ఎక్కడా పగులు లేదు. అయినా ఆయన దయగలవారు కాబట్టి కమిటీని వెంటబెట్టుకుని చూడటానికి వచ్చారు. వీరేందర్ ఉతికిన లుంగీలో, దువ్విన తలతో, పౌడరు రాసుకుని ఉన్నాడు. కమిటీ నిరాశపడింది.

"ఇంత శుభ్రంగా ఉన్నవాడికి స్నానం దేనికమ్మా? నిజంగా అవసరమున్న వాళ్ల నోరు కొట్టకూడదు."

సారవ్వ కొడుకుకు నీళ్లు పోయడం మానింది. ఎండాకాలం. వారం గడిచాక కమిటీ మళ్లీ వచ్చి, గడప అవతలే ఆగి, ముక్కుకు రుమాలు పెట్టుకుంది.

"మావాడి ఆరోగ్యం కూడా చూడాలి కదమ్మా. ముందు స్నానం చేయించి పెట్టండి. తర్వాత మావాడు వచ్చి స్నానం చేయిస్తాడు."

"సారూ, ఎంత మురికి ఉండాల్నో చెప్పుండ్రి. గంతే ఉంట" అన్నాడు వీరేందర్ మంచం మీంచి.

కమిటీ అతని వినయాన్ని మెచ్చుకుని వెళ్లింది.

ఆ మాటలన్నీ గోడ అవతల నుంచి మల్లక్క వింది. మర్నాడు తెల్లవారకముందే మొగుణ్ని లేపింది.

"లే. ఆ పిలగాన్ని ఎత్తుకరా. నీ మంచంల పండవెట్టు. నువ్వు దాబా మీదికి నడువ్."

"నా పేరు మీద వేరేటోనికి తానమా?"

"నీ పేరు గాక నీ దగ్గర ఇంకేమున్నదని?"

వెన్నెముక పనిచేయని భూపాల్ గారు వీరేందర్‌ను రెండు చేతుల్లో పసిపిల్లవాడిలా ఎత్తుకొచ్చి, తన మంచంలో పడుకోబెట్టి, రెండేసి మెట్లు ఎక్కుతూ దాబా మీదికి వెళ్లిపోయారు. ఎత్తుకొచ్చినవాడే నాలుగు చెంబుల నీళ్లు పోయకూడదా అని మీరు అడగవచ్చు. అలాంటి ఆలోచన ఎవరికీ రాలేదు. దానికి వేరే మనిషి ఉన్నాడు కదా.

ప్రశాంత్ వచ్చాడు. మంచం వైపు చూశాడు. మల్లక్క వైపు చూశాడు.

"భూపాల్ కాకేనా?"

"కాకే. పొయ్యి నీళ్లు."

నిజంగా కదలని మనిషికి నీళ్లు పోసి చాలా రోజులైంది. అందుకే ప్రశాంత్ ఆ రోజు ఎక్కువసేపు పోశాడు. ఆ ధైర్యంతో సారవ్వ కొడుకును మల్లక్కకు అప్పగించి, కరీంనగర్ దవాఖానలో చేరింది. ఆపరేషన్ అయింది. వీరేందర్ రాత్రింబవళ్లు భూపాల్ గారి మంచంలో, భూపాల్ గారు దాబా మీద.

ఒకరోజు సదానందం గారు ఫోటోగ్రాఫరుతో వచ్చారు. మంచం మీది భూపాల్ గారిని పరిశీలించారు. మల్లక్క దుప్పటిని గడ్డం దాకా లాగింది.

"అద్భుతం! మన సేవ ఎంత గొప్పదో చూడండి. భూపాల్ గారికి ముప్పై ఏళ్లు తగ్గాయి! నెత్తి మీద వెంట్రుకలు కూడా వచ్చాయి!"

"సబ్బు మంచిది సారూ" అన్నాడు వీరేందర్.

అలా ఆ ఏటి ఉత్తమ సేవాగ్రహీత బహుమతి భూపాల్ గారికి వచ్చింది. సన్మానం కమ్యూనిటీ హాలులో జరిగింది. మల్లక్క ఆ పూట కరీంనగర్‌లో సారవ్వ దగ్గర ఉంది. పదకొండు చక్రాల కుర్చీలు వరుసగా వేశారు. మొదటి కుర్చీలో భూపాల్ గారి పేరుతో వీరేందర్ కూర్చున్నాడు. మిగతా పది కుర్చీల్లో రాయమల్లు గారు మొదలైనవారు మెడలు పక్కకు వాల్చి కూర్చున్నారు. అసలు భూపాల్ గారు మన మధ్యే నిలబడి మెచ్చుకుంటున్నారు. మనకు అందరూ తెలుసు. మనం ఏమీ అనలేదు.

సదానందం గారు శాలువా విప్పుతుండగా వేదిక కింది నుంచి ఒక జెర్రిపోతు బయటికి వచ్చింది. అది ఎవరినీ ఏమీ అనే పాము కాదు. దానికి సన్మానాలంటే ఆసక్తి లేదు. కానీ ఎవరో "పామూ!" అని అరిచారు.

పది కుర్చీలు ఖాళీ అయ్యాయి. రాయమల్లు గారు కిటికీలోంచి దూకారు. అధ్యక్షులవారు శాలువాతోనే దూకారు. మనం ద్వారంలోంచి తోసుకుంటూ వచ్చాం. రోడ్డు అవతలికి చేరాక అందరం లెక్క చూసుకున్నాం. లోపలి నుంచి గొంతు వినబడింది.

"అన్నా, ఎవరన్న ఉన్నరా? పాము గూడ పోయింది. రాండ్రి. నన్ను గింత ఇంటికాడ దించుండ్రి."

సదానందం గారు ఆయాసం తీర్చుకున్నారు. ఎదురుగా పది మంది అశక్తులు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వగరుస్తున్నారు. ఆయన కళ్లు చెమర్చాయి. అరుగు ఎక్కారు.

"సోదరులారా! నెలల తరబడి మనం పోసిన ప్రతి చెంబూ ఫలించింది. పది మంది లేచారు, నడిచారు, పరుగెత్తారు! లోపల భూపాల్ గారు ఒక్కరే లేవలేదు. ఆయన మనసు పెట్టలేదు. దానికి సంఘం ఏం చేయగలదు? మన పని పూర్తయింది. రేపటి నుంచి ప్రశాంత్‌ను మంచిర్యాలకు పంపుతున్నాం. అక్కడ కదలలేనివారు ఎక్కువట."

"నన్ను తీస్కపోతరా, లేదా?" అని లోపలి నుంచి మళ్లీ గొంతు వచ్చింది.

ఆ మాట సరిగా వినబడలేదు. అప్పటికే మనం చప్పట్లు కొడుతున్నాం. చాలాసేపు కొట్టాం. మనలో ఒక్కరికి కూడా చేతుల్లో ఏ లోపమూ లేదు.