బావ కారు మీది దుమ్ము

కదిలేది వాహనం, కదలనిది పెట్టుబడి. పురాతన వేగవాహనాల విలువ నిర్ధారణ మండలి తన నియమావళిలో మొట్టమొదట రాసుకున్న ఈ సత్యాన్ని మా బావ ఆరేళ్లుగా తు.చ. తప్పకుండా పాటిస్తున్నాడు. గంటకు రెండు వందల కిలోమీటర్ల వేగంతో దూసుకుపోగల ఎర్రటి రెండు సీట్ల కారు ఒకటి ఆయన ముందుగదిలో కూర్చుని ఉంది. దానికోసం గోడ తీసేసి షట్టర్ పెట్టించాడు. షట్టర్ ఎత్తితే బయటి గాలి తగిలి ధర పడిపోతుంది కాబట్టి, ఇంట్లోవాళ్లు వంటింటి తలుపు గుండా రాకపోకలు సాగిస్తున్నారు.

ఇలాంటి కార్లు లోకంలో తొమ్మిదే మిగిలాయి. మండలి లెక్కల ప్రకారం నడిపితే విలువ తగ్గుతుంది, కడిగితే తగ్గుతుంది, ఎవరైనా కూర్చుంటే సీటు నలిగి తగ్గుతుంది. ఏమీ చేయకపోతే పెరుగుతుంది. ఏమీ చేయకపోవడంలో మా బావకు పెళ్లికి ముందు నుంచే మంచి పట్టుంది.

పైగా దాని మీదున్నది మామూలు దుమ్ము కాదు. పాత యజమాని షెడ్డులో ఏళ్ల తరబడి పేరుకున్న అసలు సిసలు దుమ్ము. (మండలి భాషలో ‘ఆది ధూళి’.) కారు ఇన్నాళ్లూ ఎవరి చేతుల్లోనూ పడలేదనడానికి అదే రుజువు. ఆ దుమ్ముకు చెమ్మ తగలకుండా బావ ఏసీ పెట్టించాడు. మనుషులకు ఫ్యాను ఉంది, దానికి బుద్ధి పుట్టినప్పుడు తిరుగుతుంది.

కారు కొన్న రోజు మా అక్కకు బావ ఒక మాటిచ్చాడు, సముద్రం ఒడ్డు రోడ్డు మీద ఒక్కసారి తిప్పి తీసుకొస్తానని. అక్క మర్నాడే వెళ్లి కొత్త చెప్పులు కొనుక్కుంది. అప్పటి నుంచీ ఆమె గుర్తుచేస్తూనే ఉంది, ఆయన “విలువ ఇంకొంచెం పెరగనీ” అంటూనే ఉన్నాడు. నాకు ఒళ్లు మండేది. కానీ బావ కదా, ఏమంటాం? టీ తాగి వచ్చేసేవాణ్ణి.

మొన్న నేను వాళ్లింట్లో ఉండగా మండలి నుంచి మదింపు అధికారి వస్తున్నట్టు కబురొచ్చింది. బావ ఇస్త్రీ చొక్కా తెచ్చుకోవడానికి వీధిలోకి వెళ్లాడు. ఇంటికి పెద్దమనిషి వస్తున్నాడంటే ఎవరైనా ఏం చేస్తారో మా అక్కా అదే చేసింది. తడిగుడ్డ పెట్టి కారును అద్దంలా తుడిచింది.

అధికారి తెల్లటి చేతి తొడుగులు వేసుకుని, భూతద్దం తీసి, కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. ఇంకోసారి తిరిగాడు.

“ఇక్కడుండాల్సిన దుమ్మేదండీ?”

“తుడిచేశానండీ, మీరొస్తున్నారని,” అంది అక్క సంబరంగా.

అప్పుడే ఇస్త్రీ చొక్కాతో వచ్చిన బావ వంగి కారు కింద వెతికాడు. అధికారి తల వంచుకుని కాసేపు మౌనం పాటించాడు. (నియమావళిలో ఉంది.)

“పోనీ, ఆ గుడ్డయినా ఉందా?”

“ఉతికి ఆరేశానండీ.”

ఆయన కారును ఒకటో శ్రేణి నుంచి మూడో శ్రేణికి దించి సంతకం పెట్టాడు.

“అంటే దీని విలువ పోయినట్టేనా?” అని అడిగింది అక్క.

“చాలావరకు పోయిందమ్మా.”

అక్క మొహం వెలిగిపోయింది. “ఇంకేం మరి! తాళం తీయండి, అలా వెళ్లొద్దాం,” అని బావతో అంటూనే లోపలికి వెళ్లి, ఆ చెప్పులు వేసుకుని వచ్చింది.

బావ కాదనడానికి ఒక నియమం కోసం చాలాసేపు ఆలోచించాడు. దొరకలేదు. బీరువాలోంచి తాళం చెవి తెచ్చాడు. నేను షట్టర్ సగం ఎత్తాను. ఆరేళ్ల తర్వాత ఆ గదిలో ఎండ పడింది. అక్క కంటే నాకే ఎక్కువ సంతోషమేసింది.

సరిగ్గా అప్పుడే అధికారి ఫోను మోగింది. ఆయన విని, నిటారుగా నిలబడ్డాడు.

“విచారకరమైన వార్తండీ,” అన్నాడు నవ్వు ఆపుకోలేక. “తొమ్మిదింటిలో ఒకటి పోయింది. ఒకాయన భార్యను షికారు తీసుకెళ్లి చెట్టుకు గుద్దేశాట్ట. కారు నుజ్జునుజ్జు. ఇక మిగిలినవి ఎనిమిదే. దుమ్ము లేకపోయినా మీది నిన్నటి కంటే ఎక్కువే పలుకుతుంది. అభినందనలు!”

(మనుషులకేమీ కాలేదు. ఆ సంగతి నేను అడిగితే చెప్పాడు.)

బావ తాళం చెవి జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు. “చూశావా, షికార్లకెళ్తే ఏమవుతుందో? విలువ ఇంకొంచెం పెరగనీ.”

చేసేదేముంది, షట్టర్ దించేశాను.

“ఆవిడ ఎంతదూరం వెళ్లిందండీ?” అని అక్క అధికారిని అడిగింది.

“వెళ్లేటప్పుడు కాదమ్మా, తిరిగొచ్చేటప్పుడు గుద్దారు.”

“అయితే వెళ్లొచ్చిందన్నమాట,” అంది అక్క.

ఆ చెప్పులు విప్పింది. అధికారి అలవాటు కొద్దీ వంగి, వాటిని భూతద్దంలోంచి చూశాడు. అడుగున మట్టి మరక కూడా లేదు.

“చెక్కు చెదరలేదు,” అన్నాడు ముచ్చటపడి. “అట్టపెట్టె కూడా దాచారా, అమ్మా?”