సారంగపాణి నిలువుదోపిడి

ఆ పొద్దున సారంగపాణి వేసుకున్న పథకం చాలా సులువైనది. ఢిల్లీ నుంచి వచ్చిన వేతన సంఘం ఛైర్మన్‌ను తిరుమల కొండకు తీసుకుపోవాలి, కల్యాణోత్సవం చేయించాలి, చేతిలో లడ్డూ పడగానే జీతాల మాట ఎత్తాలి. వెంకన్న లడ్డూ నోట్లో పెట్టుకుని కాదనగలిగే మనిషి ఇంకా పుట్టలేదని ఆయన నమ్మకం.

ఎనభైల మొదట్లో రేణిగుంట దగ్గర ప్రభుత్వం వారి చేతిగడియారాల కర్మాగారం ఒకటి ఉండేది. దాన్లో తయారయ్యేది స్వర్ణముఖి వాచీ. సారంగపాణి అక్కడ హెడ్ క్లర్కు, అంతకన్నా ముఖ్యంగా యూనియన్ కార్యదర్శి. విదేశీ వాచీలు దేశంలోకి అడుగుపెట్టకుండా ప్రభుత్వం సుంకాలూ నిషేధాలూ అడ్డం పెట్టి స్వర్ణముఖిని ఒళ్ళో బిడ్డలా కాపాడుతున్నా, దొంగదారిన మద్రాసులో దిగే జపాను వాచీలు తిరుపతి బజారు దాకా రానే వస్తున్నాయి. అందుకని యూనియన్ రెండు కోరికలు పెట్టింది. ఒకటి, విదేశీ వాచీల మీద కట్టడి ఇంకా బిగించాలి. రెండు, సిబ్బంది జీతాలు సవరించాలి. రెండింటి మీదా నివేదిక ఇవ్వడానికి వచ్చినవాడే ఈ ఛైర్మన్. "విదేశీ వాచీ కట్టిన చెయ్యి, మన కూడు కొట్టిన చెయ్యి" అని గోడల మీద రాయించింది సాక్షాత్తూ సారంగపాణే.

దేశీయ పరిశ్రమ సంగతి దేశం చూసుకుంటుంది గానీ, ఆయన భార్య కుముదవల్లికి కావలసింది ఒక కొళాయి. వాళ్ళుండేది నాలుగు వాటాల ఇల్లు. నాలుగు వాటాలకూ కొళాయి ఒకటే. ఎవరూ ముట్టకముందే మడినీళ్ళు పట్టుకోవాలని కోడికన్నా ముందు లేచి, తడిచీరతో వణుకుతూ నిలబడి, పక్కవాటా చంద్రకాంతమ్మ అప్పటికే పెట్టేసిన బిందెను చూసి మళ్ళీ స్నానానికి పోవడం ఆ ఇల్లాలి నిత్యకృత్యం. జీతం సవరిస్తే సారంగపాణి పై తరగతిలోకి వస్తాడు. పై తరగతికి వస్తే కంపెనీ క్వార్టరు ఇస్తారు. క్వార్టరులో సొంత కొళాయి ఉంటుంది. అదీ విషయం.

బయలుదేరేముందు సారంగపాణి చెయ్యి బోసిగా కనబడింది. ఆయన స్వర్ణముఖి ఉగాదినాడు ఆగిపోతే కర్మాగారంలోని మరమ్మతు విభాగానికే ఇచ్చాడు. అది దసరా వస్తున్నా తిరిగి రాలేదు. వాచీ లేని మణికట్టుతో వాచీల యూనియన్ కార్యదర్శి ఛైర్మన్ ముందుకు పోతే ఏం మర్యాద? తడలో లారీ ఆఫీసులో పనిచేసే బావమరిది సంపత్కుమార్ ఆ పూట ఇంట్లోనే ఉన్నాడు. అతని చేతికి నిగనిగలాడే జపాను వాచీ.

"కట్టుకో బావా. పొడుగు చేతుల చొక్కాలోపల ఎవురికి కనబడతాది? చెయిను మాత్రం తళుక్కుమంటాది, అంతే" అన్నాడు సంపత్కుమార్.

సారంగపాణి మనస్సాక్షి కాస్త గొణిగింది. కుముదవల్లి దాన్ని గొణగనివ్వలేదు. చొక్కా గుండీ తనే పెట్టి సాగనంపింది.

ఇంత తెలివైన వాళ్ళకు, అందులోనూ తరతరాలుగా పెరుమాళ్ళ సేవలో ఉన్న ఇంటివాళ్ళకు, కల్యాణోత్సవంలో చొక్కా ఉండదన్న సంగతి గుర్తుకు రాకపోవడం కలియుగ ధర్మం తప్ప మరొకటి కాదు. కొండమీద కాటేజీలో జనరల్ మేనేజర్ రామచంద్ర పట్టుపంచె, ఉత్తరీయంతో ప్రత్యక్షమై, "సారంగపాణీ, ఇంకా చొక్కాతోనే ఉన్నావేమయ్యా, ఛైర్మన్‌గారు సిద్ధం" అన్నాక గానీ ఆయన గుండె జారలేదు. పంచె కట్టుకుంటూ గుట్టుగా వాచీ విప్పి, రుమాల్లో మూట కట్టి, రొంటిన దోపుకున్నాడు.

రొంటిన దోపినది పొగాకు కాడ అయితే నిలిచేది. బరువైన జపాను వాచీ అడుగడుగుకీ జారసాగింది. సారంగపాణి నడుమును చేత్తో అదిమిపట్టుకుని నడుస్తుంటే వెనకనున్న వెంకటముని చూశాడు. వెంకటముని యూనియన్ ఉపాధ్యక్షుడు, కర్మాగారం నుంచి కొండకు వెంట వచ్చిన జట్టులో ఒకడు. మనిషి మంచివాడు, నోట్లో నువ్వుగింజ నానదు.

"సామీ, రొంటిలో ముడుపు మాదిరి ఉండాదే?" అన్నాడు.

మునిగిపోయేవాడికి గడ్డిపరక దొరికింది. అవును, ముడుపే అన్నాడు సారంగపాణి. దేనికని అడిగితే మన జీతాల సవరణకేనని కూడా అన్నాడు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు.

వెంకటముని కళ్ళు చెమర్చాయి. తమ కార్యదర్శి అందరి కోసం మొక్కుకున్నాడని ముందు నిలబడ్డవాడికి చెప్పాడు. ఆ ముందువాడు తన ముందువాడికి చెప్పేసరికి అది బంగారు ముడుపయింది. కల్యాణం ముగిసి మాట జనరల్ మేనేజర్ చెవిన పడేసరికి సారంగపాణి నిలువుదోపిడి మొక్కుకున్నాడు. నిలువుదోపిడి అంటే తెలుసు కదా, నిలబడ్డ మనిషి ఒంటిమీది నగానట్రా సమస్తం ఒలిచి హుండీలో వెయ్యడం. రామచంద్ర దాన్ని ఉన్న ఇంగ్లీషంతా ఉపయోగించి ఛైర్మన్‌కు వివరించాడు. ఛైర్మన్ నిర్ఘాంతపోయాడు. కార్మికుల కోసం ఇంతటి త్యాగం చేసే నాయకుడిని తన ఉద్యోగ జీవితంలో చూడలేదని, ఆ దృశ్యం కళ్ళారా చూసిగానీ కొండ దిగనని చెప్పి హుండీ పక్కనే నిలబడ్డాడు.

సారంగపాణి వెంకటమునిని పక్కకు లాగాడు. తాను నిలువుదోపిడి అనలేదు మొర్రో అని గొంతు తగ్గించి మొత్తుకున్నాడు.

"ఇప్పుడు లేదంటే యెట్ల సామీ? ఆయన వడ్డీకాసులవాడు. సన్నిధిలో మాట పడిపోయినాది. వడ్డీతో వసూలు సేస్తాడు" అన్నాడు వెంకటముని, నిజంగానే భయపడుతూ.

వెనక జనం "గోవింద గోవింద" అంటూ తోస్తున్నారు. సారంగపాణికి అంత గాభరాలోనూ ఒక వెలుగు కనబడింది. హుండీ చుట్టూ గుడ్డ ఉంటుంది. చెయ్యి లోపలికి పోయాక ఏది పడిందో ఎవడికీ తెలియదు. జపాను పీడ అక్కడే వదులుతుంది. ముందు రుమాలు మూట వదిలాడు. ప్రాణం హాయిగా లేచి వచ్చింది. కానీ ఛైర్మన్ చూపు ఆయన వేలి మీదుంది. పెళ్ళి ఉంగరం తీశాడు. చూపు మెడ మీదికి వచ్చింది. మామగారు పెట్టిన గొలుసు తీశాడు. అది గుడ్డలోకి జారిపోతుంటే ఆయన కళ్ళలో తిరిగిన నీళ్ళను అందరూ భక్తి అనుకున్నారు.

ఛైర్మన్ చేతులు జోడించాడు. అది చూసిన రామచంద్రకు, ఒక గుమాస్తా ఇంత చేస్తే తాను చూస్తూ ఊరుకోవడం పదవికి తగదనిపించింది. తన వాచీ విప్పి, దాని ముఖం ఎవరికీ కనబడకుండా అరచేత్తో కప్పేసి, చటుక్కున హుండీలో వేశాడు. ఆ తర్వాత ఎవరినీ ఆపడం ఎవరి తరమూ కాలేదు. వెంకటముని వెండి మొలతాడు తెంపాడు. కర్మాగారం నుంచి వచ్చినవాళ్ళందరూ పూనకం వచ్చినట్టు ఒకరిమీద ఒకరు పడి ఉంగరాలు, వాచీలు, చెవిపోగులు వేసేశారు. ఛైర్మన్ కళ్ళు తుడుచుకుంటూ, మీ సిబ్బందిని నేను మరిచిపోలేను అన్నాడు. లడ్డూ అవసరమే రాలేదు.

ఆ సాయంత్రం కుముదవల్లి ఆనందానికి పట్టపగ్గాలు లేవు. ఉంగరం, గొలుసు పోతే పోయాయి, క్వార్టరు వస్తోందని ఇత్తడి బిందెలు తోమి మూటకట్టింది. చంద్రకాంతమ్మకు వినబడేలా, మా కొత్త కొళాయిలో నీళ్ళు ధారగా పడతాయట అని రెండుసార్లు అంది. లబోదిబోమంటున్న తమ్ముణ్ణి ఒక్క మాటతో కూర్చోబెట్టింది. "నీ వాచీ దేవుడి కాడికి పోయినాది. నువ్వు పోలేదు గదా, సంతోషించు."

నెల తిరిగేసరికి ఛైర్మన్ నివేదిక వచ్చింది. రామచంద్ర గేటు ముందు అందర్నీ నిలబెట్టి చదివాడు. మొదటి కోరిక పూర్తిగా మంజూరు. విదేశీ వాచీల మీద కట్టడి ఇంకా బిగుస్తుంది. జనం ఈలలు వేశారు. సారంగపాణిని భుజాల మీదికి ఎత్తారు. రెండో కోరిక దగ్గర రామచంద్ర గొంతు సన్నబడింది. ఒంటిమీది బంగారాన్ని గడ్డిపోచలా వదిలేయగల సిబ్బంది ఆర్థిక స్థితి మిక్కిలి తృప్తికరంగా ఉన్నట్టు ఛైర్మన్ స్వయంగా చూశారు గనక జీతాల సవరణ ప్రస్తుతం అవసరం లేదట. అయితే భక్తితో వాచీలు సమర్పించుకున్న వీరి చేతులు బోసిగా ఉండటం కంపెనీకి శోభ కాదు గనక ప్రతి ఉద్యోగికీ ఒక స్వర్ణముఖి వాచీ ఇచ్చి, దాని ఖరీదు జీతంలో కోసుకోవాలట.

సారంగపాణిని భుజాల మీది నుంచి ఎవరు దించారో ఆయనకు తెలియలేదు. ఇంటికి వచ్చేసరికి కుముదవల్లి కొళాయి దగ్గర, చంద్రకాంతమ్మ బిందె వెనక నిలబడి ఉంది. ఆయన చెప్పిందంతా విన్నది. కోప్పడలేదు, ఏడవలేదు. ఖాళీ బిందె చంకకు ఎత్తుకుంది.

"పని కాకముందే మొక్కు తీర్చేవాళ్ళు యాడన్నా ఉంటారా? మొత్తం ముందే ముట్టినాక స్వామికి మన పని సెయ్యాల్సిన అగత్యమేముండాది?" అంది.

ఆ ఏడాది దేశంలోకెల్లా అమ్మకాలు బాగా పెంచుకున్న ప్రభుత్వ సంస్థగా స్వర్ణముఖి కర్మాగారానికి ఒక షీల్డు వచ్చింది.